"అది గంజాయి కాదన్నా, టెస్టులో కూడా రాదు": సింథటిక్ మత్తు గురించి మూడు మాటలు, మూడూ తప్పే

ఈ రోజు ఫోన్ల గురించి, యాప్‌ల గురించి మాట్లాడట్లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు కుర్రాళ్లు ఈ మధ్య నన్ను ఒకటే రకం ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రశ్నలు అనడం కంటే, ఎవరో వాళ్లకి చెప్పిన మూడు మాటలు తెచ్చి "నిజమేనా అన్నా?" అని అడుగుతున్నారు అనాలి. ఆ మూడు మాటలు ఇవీ.

ఒకటి: "అది గంజాయి కాదు, హెర్బల్." రెండు: "అది చట్టంలో లేదు, పట్టుకున్నా ఏం కాదు." మూడు: "టెస్టులో రాదు." గల్ఫ్‌లో ఉన్న వాళ్లకైతే ఈ మూడో మాట చెప్పే అమ్ముతారు.

"అది" అంటే సింథటిక్ కానబినాయిడ్స్. బయట స్పైస్ అంటారు, కే2 అంటారు. రంగురంగుల ప్యాకెట్లో ఎండిన ఆకులా ఉంటుంది, కొన్నిసార్లు వేప్‌లో పోసే ద్రవంలా, కొన్నిసార్లు మామూలు కాగితం ముక్కలా కూడా ఉంటుంది. ఈ మూడు మాటల్నీ ఒక్కొక్కటిగా చూద్దాం. ఎవరినీ తిట్టడానికి ఈ వీడియో చేయట్లేదు. రేపో మాపో ఫ్లైట్ ఎక్కబోయే వాళ్లు, హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా వినండి.

మొదటి మాట అర్థం కావాలంటే అమెరికా పోనవసరం లేదు. మన కల్లు కాంపౌండ్ చాలు.

కల్లు అంటే ఏంటి? తాటి చెట్టు నుంచో, ఈత చెట్టు నుంచో దించే కల్లు. కానీ మన తెలంగాణలో ఏళ్ల తరబడి ఏం జరిగింది? చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. దాంతో నీళ్లలో చక్కెర, శాకరిన్ లాంటివి కలిపి, మత్తు కోసం ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, తర్వాత ఆల్ప్రజోలం కలపడం మొదలైంది. ఆల్ప్రజోలం అంటే డాక్టర్లు ఆందోళనకి రాసే మందు. మాత్రలో ఉండేది అర మిల్లీగ్రామో, పావు మిల్లీగ్రామో. అంటే ఒక్క గ్రాము పొడితో అర మిల్లీగ్రాము మాత్రలు రెండు వేలు చేయొచ్చు. అలాంటి పొడిని కొలత లేకుండా డ్రమ్ముల్లో కలుపుతున్నారు.

2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు ఏమైందో గుర్తుందా? నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకి, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టారు. కల్లు తాగి కాదు, కల్లు ఆగిపోయి. నిద్ర లేదు, చేతులు వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం, పిచ్చి మాటలు. ఆ మనుషులు ఇన్నాళ్లూ తాము కల్లు తాగుతున్నాం అనుకున్నారు. వాళ్ల శరీరం అలవాటు పడింది మాత్రం ఆల్ప్రజోలానికి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ పాత బోయినపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్ బిల్డింగ్‌లోనే ఆల్ప్రజోలం తయారు చేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. కింద పిల్లల క్లాసులు, పైన మత్తు ఫ్యాక్టరీ.

ఇప్పుడు స్పైస్‌కి వద్దాం. కథ ఇదే. పేరు చెట్టుది, మత్తు ల్యాబ్‌ది. ఫైల్ పేరు మార్చినంత మాత్రాన లోపల ఉన్న కోడ్ మారదు కదా. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ వేసినంత మాత్రాన లోపలున్నది ఆకు అయిపోదు.

అసలు ఇది ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలో క్లెమ్సన్ యూనివర్సిటీలో జాన్ డబ్ల్యూ హఫ్‌మన్ అని ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉండేవారు. గంజాయిలో మత్తు ఇచ్చే టీహెచ్‌సీ మెదడులో ఎక్కడ అతుక్కుంటుంది, ఎలా పనిచేస్తుంది అని పరిశోధన చేయడానికి ఆయన బృందం వందల కొద్దీ కొత్త రసాయనాలు తయారు చేసింది. వాటికి ఆయన పేరులోని అక్షరాలే పెట్టారు: జేడబ్ల్యూహెచ్-018 లాంటి పేర్లు. అవి మనుషుల కోసం చేసినవి కావు, ల్యాబ్ పని కోసం చేసినవి. ఆ పరిశోధన పత్రాలు చూసి ఎవరో వాటిని తయారు చేసి ఆకుల మీద చల్లి అమ్మడం మొదలుపెట్టారు. 2008 చివర్లో జర్మనీలో స్పైస్ ప్యాకెట్లు తెచ్చి పరీక్షిస్తే, "హెర్బల్" అని రాసి ఉన్న వాటిలో జేడబ్ల్యూహెచ్-018 బయటపడింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా యూరప్ నిపుణులు ఇలాంటివి 200కి పైగా రకాలు గుర్తించారు.

"సరే, గంజాయి లాంటిదే కదా, తేడా ఏంటి?" అంటారు. తేడా చాలా ఉంది.

మన మెదడులో సీబీ1 అనే రిసెప్టర్లు ఉంటాయి. టీహెచ్‌సీ వాటిని కొంతవరకే ఆన్ చేస్తుంది. రెగ్యులేటర్ ఉన్న ఫ్యాన్ లాగా, ఎంత తిప్పినా ఒక లిమిట్ దాటదు. ఈ సింథటిక్ రకాలు చాలావరకు వాటిని పూర్తిగా ఆన్ చేసేస్తాయి. రెగ్యులేటర్ తీసేసి డైరెక్ట్ వైరు కలిపినట్టు. అందుకే గుండె దడ విపరీతంగా పెరగడం, బీపీ పెరగడం, ఆగని వాంతులు, ఫిట్స్, భయంతో ఊగిపోవడం, మనిషి మనిషిలా లేకపోవడం. కొందరికి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. చనిపోయినవాళ్లూ ఉన్నారు. అంటే గంజాయి మంచిదని నేను చెప్పట్లేదు, అదీ నేరమే, దాని నష్టాలు దానికున్నాయి. కానీ "గంజాయి కంటే సేఫ్" అని దీన్ని అంటగట్టేవాడు మాత్రం పచ్చి అబద్ధం చెబుతున్నాడు.

రెండో తేడా కొలత. సిరిసిల్లలో డైయింగ్ పని తెలిసినవాళ్లు ఈ ముక్క వెంటనే పట్టేస్తారు. నూలుకి రంగు సమానంగా పట్టకపోతే ఏమవుతుంది? ఒకచోట ముదురు, ఒకచోట లేత, బట్ట నేశాక మచ్చలు మచ్చలు. అక్కడ పోయేది బట్ట ధర. ఇక్కడ పొడిని ద్రవం చేసి ఏదో ఆకు మీద చల్లి ఆరబెడతారు. ఒకే ప్యాకెట్లో ఈ చివర ఆకులో ఏమీ ఉండదు, ఆ చివర ఆకులో పది మందికి సరిపడా ఉంటుంది. "నిన్న తాగినా ఏం కాలేదు, ఈ రోజేమవుతుంది?" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. అమ్మినవాడికే తెలీదు అందులో ఎంతుందో.

ఒక ఉదాహరణ. 2016 జులైలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒకే రోజు ఒకే వీధి చుట్టుపక్కల 33 మంది పడిపోయారు. చూసినవాళ్లు "జాంబీల్లా ఉన్నారు" అన్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకట్లేదు, మెల్లగా మూలుగుతున్నారు. ల్యాబ్‌లో తేలింది ఆంబ్-ఫుబినాకా అనే రసాయనం. టీహెచ్‌సీ కంటే దాని శక్తి సుమారు 85 రెట్లు అని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఎనభై ఐదు శాతం కాదు, ఎనభై ఐదు రెట్లు.

ఇంకోటి. 2018లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో స్పైస్ తాగినవాళ్లు ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తంతో ఆసుపత్రులకి వచ్చారు. 150 మందికి పైనే. కొందరు చనిపోయారు. ఏం కలిసిందో తెలుసా? బ్రోడిఫాకుమ్. ఎలకల మందు! రక్తం గడ్డకట్టకుండా చేసే విషం. బతికినవాళ్లు కూడా నెలల తరబడి విటమిన్-కె వాడాల్సి వచ్చింది. ప్యాకెట్ మీద మాత్రం "హెర్బల్" అనే ఉంటుంది.

వేప్ వాడేవాళ్లకి ఒక మాట. 2024లో ఇంగ్లాండ్‌లోని బాత్ యూనివర్సిటీ వాళ్లు స్కూళ్లలో పిల్లల దగ్గర దొరికిన వేప్‌లు పరీక్షించారు. దాదాపు ఆరింటిలో ఒకదానిలో స్పైస్ ఉంది. పిల్లలు గంజాయి నూనె అనుకుని కొన్నవి అవి. మన దేశంలో ఈ-సిగరెట్ల అమ్మకం, తయారీ, దిగుమతి 2019 నుంచే చట్టప్రకారం నిషేధం. నిషేధం ఉన్న వస్తువు మీ చేతికి వచ్చిందంటే అందులో ఏముందో చెక్ చేసిన ఆఫీసర్ ఎవరూ లేరని అర్థం.

సరే, ఇక రెండో మాట: "అది చట్టంలో లేదు."

ఈ మాట ఎందుకు పుట్టిందో ముందు చెబుతా. మన ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 నాటిది. అందులో "గంజాయి" అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు అని నిర్వచనం ఉంది. స్పైస్‌లో ఆ మొక్క లేదు కాబట్టి ఆ నిర్వచనంలోకి రాదు. నిజమే. అక్కడితో ఆపేసి అమ్మేవాడు "లీగల్" అంటాడు. కానీ అదే చట్టంలో "సైకోట్రోపిక్ పదార్థాలు" అని ఇంకో జాబితా ఉంది. సహజమైనదైనా, సింథటిక్ అయినా సరే, జాబితాలో ఉంటే నేరమే. కొత్త రసాయనం వస్తే పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో జాబితాలో కలపొచ్చు. ప్రపంచ స్థాయిలో జేడబ్ల్యూహెచ్-018, ఏఎం-2201 లాంటివి 2015లోనే ఐక్యరాజ్యసమితి నియంత్రణ జాబితాలోకి వెళ్లాయి. ఆ ఒప్పందంలో మన దేశం కూడా ఉంది.

అప్పుడు తయారీదారులు ఏం చేస్తారంటే, రసాయనంలో ఒక చిన్న ముక్క మార్చి కొత్త వెర్షన్ వదులుతారు. ప్రభుత్వం దాన్ని బ్యాన్ చేస్తుంది. మళ్లీ ఇంకో వెర్షన్. సాఫ్ట్‌వేర్‌లో పని చేసినోడిగా చెబుతున్నా, ఇది టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకి వదిలిన కోడ్. టెస్టింగ్ జరిగేది మీ ఒంటి మీద. ఈ దోబూచులాట చూసి చైనా 2021 జులై 1 నుంచి ఒక్కో రకం కాకుండా సింథటిక్ కానబినాయిడ్ల కుటుంబం మొత్తాన్నీ ఒకేసారి నిషేధించింది.

"అయితే అన్నా, ఇంకా జాబితాలోకి రాని వెర్షన్ అయితే?" అని తెలివిగా అడిగేవాళ్లుంటారు. మీ జేబులో ఉన్నది ఏ వెర్షనో మీకెలా తెలుసు? ప్యాకెట్‌తో పాటు ల్యాబ్ రిపోర్ట్ ఏమైనా ఇచ్చారా? పోలీసులు పట్టుకున్నాక ఫోరెన్సిక్ ల్యాబ్ చెబుతుంది అదేంటో. ఆ రిపోర్ట్ వచ్చేదాకా మీరు ఎక్కడుంటారో ఆలోచించండి.

శిక్షలు కూడా విందాం. సైకోట్రోపిక్ పదార్థం చిన్న మొత్తంలో దొరికితే ఏడాది దాకా జైలు. అంతకు మించితే పదేళ్ల దాకా. కమర్షియల్ మొత్తం అయితే పదేళ్లకు తక్కువ ఉండదు, ఇరవై దాకా పోవచ్చు. ఈ "మొత్తం" లెక్క మొక్కకి వేరు, పొడికి వేరు. గంజాయికి చిన్న మొత్తం అంటే కిలో దాకా, కమర్షియల్ అంటే ఇరవై కిలోల పైన. మన కల్లులో కలిపే ఆల్ప్రజోలానికి చిన్న మొత్తం 5 గ్రాములు, కమర్షియల్ 100 గ్రాములు. చూశారా తేడా? రసాయనాల దగ్గర లెక్క గ్రాముల్లోనే.

ఇంకో సంగతి చాలా మందికి తెలీదు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హీరా సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. మత్తు పదార్థం ఇంకో మామూలు పదార్థంతో కలిసి ఉంటే, తూకం మత్తు వరకే వేయరు. మొత్తం మిశ్రమాన్ని తూకం వేస్తారు. ఈ లెక్కన చిటికెడు రసాయనం కలిపిన ఆకు పట్టుబడితే "అన్నా, అందులో మందు కొంచెమే" అనే వాదన నిలబడటం కష్టం. ఆకు బరువు కూడా మీ నెత్తినే పడుతుంది.

ఇక మూడో మాట: "టెస్టులో రాదు."

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది అన్నిటికంటే ప్రమాదం. మామూలు యూరిన్ కిట్ టీహెచ్‌సీ ఆనవాళ్ల కోసం చూస్తుంది. స్పైస్ రసాయనం వేరు కాబట్టి ఆ కిట్‌లో చాలాసార్లు పట్టుబడదు. కానీ పెద్ద ల్యాబుల్లో మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతిలో వీటి కోసమే వెతుకుతారు, అక్కడ దొరుకుతుంది. సరే, కాసేపు దొరకదనే అనుకుందాం. రాత్రి రెండు గంటలకి మీ ఫ్రెండ్ ఫిట్స్‌తో ఆసుపత్రిలో పడి ఉన్నాడు. డాక్టర్ కిట్‌తో పరీక్ష చేశాడు, నెగటివ్ వచ్చింది. పక్కన ఉన్నవాళ్లు భయంతో నోరు మెదపరు. అప్పుడు ఆ డాక్టర్ ఏమని వైద్యం చేయాలి? మెదడువాపు అనుకోవాలా, పాము కాటు అనుకోవాలా? పోలీసుకి దొరకనిది డాక్టర్‌కి కూడా దొరకదు. "టెస్టులో రాదు" అనే మాటకి అసలు అర్థం అది.

ఇప్పుడు గల్ఫ్. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఈ వైపు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌లో మనుషులు లేని వాడ కనపడదు. దుబాయ్‌లో, సౌదీలో, కువైట్‌లో స్పైస్ కూడా మత్తు పదార్థమే, ఎవరూ "హెర్బల్" అని వదిలిపెట్టరు. సౌదీలో మత్తు పదార్థాల రవాణాకి మరణశిక్ష కూడా ఉంది. అక్కడ కేసు పడితే పోయేది ఒక్క ఉద్యోగమే కాదు. వీసాకి ఏజెంట్‌కి కట్టిన పైసలు, దానికి తెచ్చిన అప్పు, నెలనెలా పెరిగే మిత్తి, అన్నీ ఇంటి మీద పడతాయి.

క్యాంపులో రూమ్మేట్ ఇచ్చిన సిగరెట్ అయినా ఒక దమ్ము లాగే ముందు ఆలోచించండి. ఆకు మీద చల్లిందో, పొగాకులో కలిపిందో కంటికి కనపడదు.

ఇంకా ముఖ్యమైనది పార్సిల్. సెలవు మీద వచ్చి తిరిగి పోయేటప్పుడు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. పక్కింటి పెద్దమ్మ వస్తది. "బిడ్డా, మా పోరగాడు అక్కడ్నే ఉంటుండు, గీ మామిడికాయ తొక్కు, గీ మందులు ఇయ్యి బిడ్డా" అంటది. కాదనలేం. పెద్దమ్మది పాపం మంచి మనసే. కానీ ఆ డబ్బా పెద్దమ్మ చేతికి ఎవరిచ్చారో? ఆ మందుల చీటీలో ఏం మాత్రలున్నాయో? ట్రమడాల్ నొప్పి మాత్రలు, ఆల్ప్రజోలం నిద్ర మాత్రలు ఇక్కడ డాక్టర్ చీటీతో దొరుకుతాయి. దుబాయ్‌లో అవి నియంత్రణలో ఉన్న మందులు, ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుని పట్టుకుపోవాలి. అంతెందుకు, మటన్ కూరలో వేసే గసగసాలు కూడా అక్కడ నిషేధం!

2019లో ముంబైకి చెందిన ఒక జంట దోహా వెళ్లింది. దగ్గరి చుట్టం ఒకావిడ ట్రిప్ ఏర్పాటు చేసి, ఒక ప్యాకెట్ కూడా చేతికిచ్చి పంపింది. ఎయిర్‌పోర్ట్‌లో తెరిచి చూస్తే 4.1 కిలోల హషీష్. పదేళ్ల జైలు శిక్ష పడింది. అప్పటికి ఆమె గర్భవతి, జైల్లోనే బిడ్డ పుట్టింది. మన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో అసలు విషయం తేల్చాక, 2021లో కోర్టు వాళ్లని నిర్దోషులని వదిలింది. తప్పు లేదని తేలడానికే దాదాపు రెండేళ్లు పట్టింది. మన చట్టంలో కూడా ఇంతే. సరుకు మీ దగ్గర దొరికితే, మీకు తెలిసే ఉందని కోర్టు ముందుగా అనుకుంటుంది. తెలీదని నిరూపించుకోవాల్సింది మీరే.

కాబట్టి పార్సిల్ తీసుకోవాల్సి వస్తే ఇంట్లోనే, ఇచ్చినవాళ్ల ముందే మొత్తం విప్పండి. తొక్కు డబ్బా అయినా సరే, గిన్నెలోకి తీసి మళ్లీ మీ చేత్తో సర్దండి. మందులకి వాళ్ల పేరు మీద డాక్టర్ చీటీ, బిల్లు లేకపోతే ముట్టుకోవద్దు. "ఇప్పుడు విప్పొద్దు, అక్కడికి పోయాకే విప్పు" అని ఎవరైనా అన్నారంటే ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు, వాపస్ ఇచ్చేయండి. వాళ్లు నారాజ్ అయితే కానీయండి. నాలుగు రోజులు మాట్లాడరు, అంతే.

చివరిగా, ఎవరైనా పడిపోతే ఏం చేయాలి. ముందు 108కి ఫోన్ చేయండి. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా ఉంటుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, ఇవేవీ వద్దు. స్పృహ లేని మనిషికి మజ్జిగ, నిమ్మరసం అసలు పోయొద్దు. ప్యాకెట్, వేప్, మిగిలిన ముక్క ఏదున్నా కవర్లో వేసి డాక్టర్‌కి ఇవ్వండి. "ఇది తాగాడు సార్, ఇన్ని గంటలకి" అని నిజం చెప్పండి. దీనికంటూ ప్రత్యేకంగా విరుగుడు మందు లేదు. ఫిట్స్‌కి ఫిట్స్ మందు, గుండెకి గుండె మందు, అలా వచ్చినదాన్ని వచ్చినట్టు చూసుకోవాలి. అందుకే టైమ్ ముఖ్యం.

ఇప్పటికే అలవాటు పడ్డవాళ్లుంటే, సిగ్గుపడి దాచుకోవద్దు. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64-ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న మొత్తం ఉన్నందుకో కేసు పడ్డ బానిస తనంతట తాను చికిత్సకి ముందుకొచ్చి పూర్తి చేసుకుంటే, ఆ కేసు నుంచి రక్షణ ఉంటుంది. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేకపోతే టెలి-మానస్ 14416. ఎక్కడైనా అమ్ముతున్నారని తెలిస్తే మన రాష్ట్రంలో ఈగల్ టీమ్ నంబర్ 1908, దేశం మొత్తానికి 1933. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఒక్క జాగ్రత్త: కల్తీ కల్లు రోజూ తాగే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఒక్కసారిగా ఆపించకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

ఇదీ ఫ్రెండ్స్ సంగతి. గంజాయి కాదు అన్నారు, దానికంటే చాలా రెట్లు బలమైన రసాయనం అది. చట్టంలో లేదు అన్నారు, చట్టంలో దానికి వేరే జాబితానే ఉంది. టెస్టులో రాదు అన్నారు, డాక్టర్‌కి కూడా కనపడదని ఆ మాటకి అర్థం. ఈ వీడియో లింక్ అందరికీ పంపకపోయినా పర్వాలేదు, వచ్చే వారం శంషాబాద్‌లోనో ముంబైలోనో ఫ్లైట్ ఎక్కబోతున్న ఒక్కరికి పంపండి. పెద్దమ్మకి ఏం చెప్పాలో ఆ ఒక్కరికి తెలిస్తే చాలు.